మాస్టారి అటక

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా చేతికి సరిగ్గా లొంగవు. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకే ఈ అధ్యాయం ఆలస్యమైంది. తప్పులుంటే పెద్దమనసుతో దిద్దుకుని చదవండి. ఇందులో సర్వర్ గది సంగతులన్నీ మా ఆయన అన్నం తింటూ చెప్పినవి. ఆయన పని అదే. నాకు అర్థం కావాలని వంటింటి మాటల్లోకి మార్చి చెప్పేవారు. నేనూ ఆ మాటల్లోనే రాస్తున్నాను.

*

“నీకు గంట టైమిస్తున్నానక్కా. తర్వాత పిల్లని జీపెక్కిస్తాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ చేతిసంచి బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుంది. “గంటెందుకురా బుడ్డోడా? నువ్వు పక్కన నిలబడి గుర్రుమనకుండా ఉంటే అరగంట చాలు.”

తలుపు దగ్గరున్న మహిళా కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. సైబర్ నేరాల విభాగంలో అతని పేరు చెబితే జనం లేచి నిలబడతారు. కాని పాతికేళ్ళ కిందట ఇదే ఆఫీసులో, పక్కనున్న సర్వర్ గదిలో పనికి చేరినప్పుడు అందరికన్నా చిన్నవాడు అతనే. అందుకే బుడ్డోడు. అప్పుడు అతని పక్క కుర్చీలో పనిచేసినది ఈ డిటెక్టివే. తర్వాత అతను పోలీసుల్లోకి వెళ్ళాడు, ఆమె సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఇద్దరికీ కీబోర్డు మీద వేలు పెట్టడం నేర్పింది మాస్టారు. ఆ మాస్టారు పోయి నెల దాటింది. ఇప్పుడు బల్లకు అవతల తల వంచుకుని కూర్చున్నది ఆయన కూతురు, బుల్లి.

ఆ ఆఫీసు కొన్ని వందల సంస్థల వెబ్‌సైట్లను తన సర్వర్లలో ఉంచి నడుపుతుంది. వాటిలో ఒక ఆస్పత్రి సైటు ఉంది. నిన్న పొద్దున్నుంచి ఆ సైటు తెరిచినవాళ్ళు తమకు తెలియకుండానే ఒక దొంగ సైటుకు చేరుకున్నారు. చూడటానికి అచ్చం ఆస్పత్రిదే. రోగులు పేరూ పాస్‌వర్డూ కొట్టి తమ రిపోర్టులు చూసుకున్నారు. వాళ్ళ వెనకే దొంగలూ చూశారు. సాయంత్రానికి బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. ఒక పంతులమ్మ ఎవరికీ చెప్పుకోని జబ్బు సంగతి ఆమె పనిచేసే బడికి చేరిపోయింది.

ఆ నేరం ఇప్పుడు బుల్లి మెడకు చుట్టుకుంది.

“నిన్న ఏం చేశావో మొదట్నుంచి చెప్పమ్మా,” అంది డిటెక్టివ్.

“ఏమీ చెయ్యలేదత్తా. కొత్తగా లైబ్రరీ సైటొచ్చింది. దాని పేరు జాబితాలో చేర్చాను. హాజరు నడిపాను. అంతే.”

“హాజరేంటి? ఇదేమైనా బడా?” అన్నాడు మేనేజర్. అతను ఆ ఆఫీసుకు కొత్త.

ముగ్గురూ ఒకేసారి అతని వైపు చూశారు. ఆ ఒక్క క్షణం వాళ్ళు ముగ్గురూ ఒక ఇంటివాళ్ళలాగా ఉన్నారు, అతనొక్కడే పరాయివాడిలాగా కనిపించాడు.

“ఒకప్పుడు సైటుకో ఫైలు మేం చేత్తో కొట్టేవాళ్ళం సార్,” అంది డిటెక్టివ్. “ఎవరైనా ఫలానా పేరుతో వచ్చి అడిగితే ఏ గదిలోంచి పేజీ తీసివ్వాలో, ఏ తలుపు తియ్యాలో, ఏది మూయాలో సర్వర్‌కి ఆ ఫైల్లో చెప్పాలి. ఎక్కడో ఒక చుక్క మర్చిపోతే సర్వర్ మొత్తం అలిగి కూర్చునేది. సైట్లు పెరిగేకొద్దీ మా వేళ్ళు కాయలు కాసేవి. మాస్టారికి విసుగొచ్చి ఒక స్క్రిప్టు రాశారు. దానికి పేర్ల జాబితా ఒకటి, అచ్చు ఒకటి ఇస్తే చాలు. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరూ పిలుస్తుంది. పిలిచి, అచ్చులో పోసి, ఆ సైటుకి ఫైలు తయారుచేసి పెడుతుంది. ఆఖర్న అన్నిటినీ ఒకసారి పరీక్షించి, తప్పు లేకపోతే సర్వర్‌తో ‘మళ్ళీ చదువుకో’ అంటుంది. అంతా కలిపి ఒక్క కమాండు. మేం వారం చేసే పని టీ చల్లారేలోపు అయిపోయేది.”

“ప్రతి సైటూ ‘ఉన్నానండి’ అంటుంది,” అంది బుల్లి మొదటిసారి తలెత్తి. “తెర మీద వరసగా పడుతుంది. నాన్న అలా పెట్టారు.”

“మొదటిరోజు వీడు దాన్ని ఎన్నిసార్లు నడిపాడో! ఉన్నానండి, ఉన్నానండి అని అనిపించుకోడానికే. ఇంట్లో ఎవరూ అనేవాళ్ళు లేరు కదా పాపం,” అంది డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ని చూపిస్తూ.

“అక్కా, కేసు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. కాని మీసం కింద పెదవి కాస్త కదిలింది.

“చెప్పు నీ కేసు.”

“చెప్పడానికేముంది? నిన్న పొద్దున బుల్లి స్క్రిప్టు నడిపింది. ఆ నిమిషం నుంచే సైటు దారి తప్పింది. నిన్న సర్వర్‌లోకి లాగిన్ అయింది తనొక్కతే. మాస్టారు పోయింది ఆ ఆస్పత్రిలోనే. సరిగ్గా చూడలేదని డాక్టర్ల మీద నలుగురిలో అరిచింది. చేతిలో పనుంది, కడుపులో కోపముంది. ఇంకేం కావాలి?”

“అరవడం నేనూ అరిచాను. నువ్వయితే వాళ్ళ బల్ల గుద్దావు.”

“నేను స్క్రిప్టు నడపలేదుగా.”

“బాబాయ్,” అంది బుల్లి. “నన్ను భుజాలెక్కించుకుని ఆ గదంతా తిప్పేవాడివి. నేను చేశానంటావా?”

ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. “నేననడం లేదు బుల్లీ. మెషీనంటోంది.”

“మెషీన్ని నేనడుగుతాలే,” అంది డిటెక్టివ్. “బుల్లీ, హాజరు నడుస్తున్నంతసేపూ తెర చూశావా?”

“అదీ... అంటే...” అంది బుల్లి.

“మీ నాన్న ముందు కూడా ఇలాగే నసిగేదానివి. చూశావా లేదా?”

“నాలుగు ఉన్నానండీలు చూసి లేచానత్తా. సీసాలో నీళ్ళు నింపుకోడానికి. వచ్చేసరికి అయిపోయింది. ఆఖరి లైను ‘పరీక్ష సరే’ అనే ఉంది.”

“దాని పైన?”

“వందల ఉన్నానండీలు పైకి జరిగిపోయాక వెనక్కెళ్ళి ఎవరు చూస్తారత్తా?”

“ఎవరూ చూడరు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. దొంగక్కూడా తెలుసు. పద.”

*

సర్వర్ గది తలుపు తీయగానే చల్లగాలి మొహానికి తగిలింది. వెనకే ఆ హోరు. వందల చిన్న ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్న చప్పుడు. డిటెక్టివ్ గడప దగ్గరే ఆగిపోయింది. ఈ హోరులో మాట్లాడి మాట్లాడి వాళ్ళకు గట్టిగా మాట్లాడటం అలవాటైంది. ఇంటికెళ్ళినా అదే గొంతు. ఎందుకరుస్తావని ఇంట్లోవాళ్ళు కసిరేవాళ్ళు. ఇప్పుడు ఆమె ఇంట్లో కసిరేవాళ్ళు లేరు. అరవాల్సిన అవసరమూ లేదు.

మూల కుర్చీ అలాగే ఉంది. వీపు ఆనే చోట రెగ్జిన్ చిరిగితే మాస్టారు అతికించిన టేపు కూడా అలాగే ఉంది.

“కూర్చో అక్కా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

“అందులో కూర్చోనులే. పిల్ల కుర్చీ చాలు.”

బుల్లి కంప్యూటర్‌ను పోలీసులు కదపలేదు. నిన్న కమాండు కొట్టిన నల్లటి కిటికీ తెర మీద అలాగే తెరిచి ఉంది. కర్సర్ మినుకుమినుకుమంటోంది. డిటెక్టివ్ కళ్ళజోడు సవరించుకుని, ఆఖరి లైను నుంచి ఒక్కొక్కటే పైకి జరిపింది. ‘పరీక్ష సరే’కు, చిట్టచివరి ‘ఉన్నానండి’కి మధ్య ఇరుక్కుని ఇంగ్లీషులో పొడుగాటి లైను ఒకటుంది.

“చదువు,” అంది బుల్లితో.

బుల్లి చదివింది. ఆమె మొహం పాలిపోయింది. “హెచ్చరికత్తా. ఆస్పత్రి పేరు రెండుచోట్ల ఉందట. రెండోదాన్ని వదిలేస్తున్నానంటోంది.”

“మరి ఆగిపోలేదే?” అన్నాడు మేనేజర్.

“తప్పయితే ఆగుతుంది సార్. ఇది హెచ్చరిక. ఇంట్లో పెద్దవాళ్ళ గొణుగుడు లాంటిది. గొణుగుతూనే పని కానిస్తుంది,” అంది డిటెక్టివ్. “తరగతిలో ఒకే పేరుతో ఇద్దరు పిల్లలున్నారు. పేరు పిలిస్తే ముందు బెంచీవాడు పలికేశాడు. అసలువాడికి నోరు తెరిచే వంతే రాలేదు. ఇంతకీ ఈ ముందు బెంచీవాడెవడు?”

బుల్లి జాబితా తెరిచింది. ఆస్పత్రి పేరు ఒక్కసారే ఉంది. హాజరు తయారుచేసిన ఆస్పత్రి ఫైలూ తెరిచింది. అది అచ్చులో పోసినట్టే ఉంది, ఎక్కడా వంకర లేదు.

“అంటే రెండోవాడు హాజరు ద్వారా రాలేదు. దొడ్డిదారిన వచ్చాడు,” అంది డిటెక్టివ్. “పెద్ద ఫైలు తెరువు.”

పెద్ద ఫైలంటే సర్వర్ అన్నిటికన్నా ముందు చదివేది. మిగతా ఫైళ్ళు ఎక్కడున్నాయో సర్వర్‌కి చెప్పేది అదే. హాజరు దాన్ని ముట్టుకోదు.

“దాని జోలికెళ్ళడం దండగ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మావాళ్ళు చూశారు. దాని తేదీ ఏడేళ్ళ కిందటిది. మాస్టారి తర్వాత ఎవరూ ముట్టలేదు.”

“తేదీ చూశారా, లోపల చూశారా?”

“పాత తేదీ ఉన్న ఫైల్లో కొత్త లైనెలా వస్తుందక్కా?”

“కడవ మీద మూత ఉందని లోపల పాలున్నాయనుకున్నావా? తెరువమ్మా.”

బుల్లి తెరిచింది. సగం దిగాక ఆమె వేలు ఆగింది. మాస్టారు రాసిన లైన్ల మధ్య ఒక కొత్త లైను ఒదిగి కూర్చుంది. ఫలానా చోట దాచిన ఇంకో ఫైలు కూడా చదువు, అని దాని అర్థం. అది సైట్ల ఫైళ్ళకన్నా పైన ఉంది కనక సర్వర్ ముందు దాన్నే చదువుతుంది. ఆ దాచిన ఫైలు తెరిస్తే అందులో ఆస్పత్రి పేరూ, కింద దొంగ సైటు చిరునామా ఉన్నాయి.

“ఓరి దేవుడా,” అన్నాడు మేనేజర్.

ఇన్‌స్పెక్టర్ తడబడలేదు. “సరే. ఇది ఇంకా బాగుంది. ఆ లైను బుల్లే రాసి తేదీ వెనక్కి తిప్పింది. అదెంత పని? ఒక్క కమాండు. నిన్న తనే హాజరు నడిపింది. నువ్వు నా కేసుకి మేకులు కొట్టిపెడుతున్నావక్కా.”

“మేకు ఎక్కడ దిగుతుందో చూస్తూ ఉండు,” అంది డిటెక్టివ్. బుల్లిని పక్కకు జరిపి తానే కీబోర్డు తీసుకుంది. “ఈ పైకి కనిపించే తేదీ మనం చెప్పినట్టల్లా వింటుంది. దాని కింద ఇంకో తేదీ ఉంటుంది. ఫైలు వివరం ఎప్పుడు మారినా మెషీను తనకోసం తాను గుర్తు పెట్టుకునేది. దాన్ని ఆడించడం అంత తేలిక కాదు.”

ఆమె ఒక చిన్న కమాండు కొట్టింది. రెండు తేదీలూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మొదటిది ఏడేళ్ళ కిందటిది. రెండోది పోయిన నెలది.

బుల్లి ఆ తేదీని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నాన్నని శ్మశానానికి తీసుకెళ్ళిన రోజు.”

“ఆ రోజు ఆఫీసుకి సెలవిచ్చాం,” అన్నాడు మేనేజర్. “అందరం అక్కడికే వచ్చాం.”

“అవును. గది ఖాళీ. బయటనుంచి లాగిన్ అయి ఏం చేసినా చూసేవాళ్ళు లేరు,” అంది డిటెక్టివ్. “ఫైలు మారిస్తే చాలదు. మళ్ళీ చదువుకో అని ఎవరైనా చెప్పేదాకా సర్వర్ పాతదే తలలో పెట్టుకుని తిరుగుతుంది. కొత్త సైటు రాలేదు కనక నెల్లాళ్ళుగా ఎవరూ హాజరు నడపలేదు. వాడు పొయ్యిలో కట్టెలు పేర్చి, కిరసనాయిలు పోసి వెళ్ళిపోయాడు. ఈ పిచ్చిది నిన్న వంట చేద్దామని అగ్గిపుల్ల గీసింది. ఈలోగా ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో చెప్పే పాత లాగ్ చిట్టాలు వాటంతటవే చెరిగిపోయాయి. ఇల్లు అంటుకుంటే పట్టుబడేది ఎవరు? అగ్గిపెట్టె చేతిలో ఉన్నవాళ్ళు.”

“లేదా కట్టెలూ తనవే, అగ్గిపెట్టే తనదే కావచ్చు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “తండ్రి పోయిన రోజు కన్నా ఎక్కువ కోపం ఎప్పుడుంటుంది? ఇంట్లో కూర్చుని లాగిన్ అయ్యింది.”

“ఆ రోజు మధ్యాహ్నం నుంచి మర్నాటిదాకా బుల్లి నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.”

“ఇంట్లో ఇంకెవరున్నారు?”

“మేమిద్దరమే.”

“అది సాక్ష్యం కాదక్కా, ప్రేమ. కోర్టులో చెల్లదు.” అతను గడియారం చూసుకున్నాడు. “గంట కావస్తోంది.”

డిటెక్టివ్ కళ్ళజోడు మళ్ళీ సవరించుకుంది. ఆమె పెద్ద ఫైలును మళ్ళీ చూస్తోంది. దొంగ దాచిన లైను ముందు జాగ్రత్తగా వదిలిన ఖాళీని చూస్తోంది. అడ్డదిడ్డంగా రాసే చెయ్యి కాదు ఇది. పద్ధతిగా నేర్చుకున్న చెయ్యి.

“మాస్టారున్న రోజుల్లో,” అంది మెల్లగా, “పెద్ద ఫైలు ముట్టుకునే ముందు మనం ఒక పని చేసేవాళ్ళం. గుర్తుందా?”

“చాలా చేసేవాళ్ళం.”

“ఒకటి తప్పకుండా చేసేవాళ్ళం. పాతది పారేసినవాడు కొత్తది కట్టలేడు అనేవారు. దేన్ని మార్చాలన్నా ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు, తేదీ కూడా చెదరకుండా, అటక మీద పెట్టాలి.”

“అటకా?” అన్నారు బుల్లీ మేనేజరూ ఒకేసారి.

“నాన్న నాకెప్పుడూ చెప్పలేదే!” అంది బుల్లి.

“చెప్పాల్సిన పని పడలేదమ్మా. హాజరు వచ్చాక చేత్తో రాయడమే పోయింది. రాయడం పోయాక అటకెక్కేది ఎవరు?”

అటక అనేది మామూలుగా చూస్తే కనిపించని ఒక ఫోల్డర్. డిటెక్టివ్ వేళ్ళు దాని దారిని మర్చిపోలేదు. తెర నిండా ఫైళ్ళు వచ్చిపడ్డాయి. ఏళ్ళనాటివి. ఆమెకు కావలసింది ఒకే ఒక్క ఫైలు. కాని చెయ్యి ముందు పాతవాటి మీదికి వెళ్ళింది. ఒకటి తెరిచింది.

ఆ ఫైళ్ళలో లైను మొదట్లో ఒక గుర్తు పెడితే ఆ లైనును సర్వర్ చదవదు. మనుషులే చదువుతారు. వాళ్ళు ముగ్గురూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి ఆ లైన్లలో మాట్లాడుకునేవాళ్ళు.

‘బుడ్డోడు బల్ల మీద పడుకున్నాడు. ఎవరూ మెషీన్లు ఆపొద్దు. హోరు ఆగితే లేచి ఏడుస్తాడు.’

‘ఈ లైను ఎందుకు రాశానో నాకే తెలీదు. తీస్తే పనిచెయ్యడం లేదు. ఇట్లు, అక్క.’

‘తెలియకుండా రాసినవాళ్ళకి ఇవాళ టీ లేదు. ఇట్లు, మాస్టారు.’

‘అక్కకి నా టీలో సగం ఇస్తున్నాను. నా మీద కూడా కోప్పడండి. ఇట్లు, బుడ్డోడు.’

మహిళా కానిస్టేబుల్ వంగి చదువుతూ, “మీరేనా సార్?” అంది. ఇన్‌స్పెక్టర్ వినిపించనట్టే ఉండిపోయాడు. కాని కళ్ళు తెర మీదే ఉన్నాయి.

ఇంకొకటి తెరిచింది డిటెక్టివ్. అందులో ఒకే లైను. ‘ఇవాళ మా ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. సైట్లన్నీ పడిపోయినా సరే, నన్ను పిలవకండి.’

బుల్లి తెర దగ్గరికి మొహం పెట్టి ఆ లైనును చూస్తూ ఉండిపోయింది. సర్వర్ ఎన్నడూ చదవని ఆ ముక్కను, తండ్రి చేతితో కొట్టినదాన్ని, పెదవులు కదుపుతూ మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. గంట దాటిపోయిందని ఇన్‌స్పెక్టర్ కూడా అనలేదు.

తర్వాత డిటెక్టివ్ కళ్ళు తుడుచుకుని, ఫైళ్ళను మెషీను గుర్తు పెట్టుకున్న తేదీ ప్రకారం వరసగా పేర్చింది. అన్నిటికన్నా కింద, కొత్తగా వచ్చి చేరిన ఫైలు ఒకటుంది. పెద్ద ఫైలు కాపీ. పైకి ఏడేళ్ళ కిందటి తేదీ, చెదరకుండా. దాని కింది తేదీ మాత్రం మాస్టారి అంత్యక్రియల రోజు. పెద్ద ఫైలు మారడానికి కొద్దిగా ముందు.

“అమ్మా,” అంది కానిస్టేబుల్‌తో, “ఈ తెర ఫొటో తియ్యి. రెండు తేదీలూ పడాలి. మేనేజర్ గారూ, మీరూ తియ్యండి.”

ఇద్దరూ తీశారు.

“దీంతో ఏం తేలింది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మాస్టారు కూతురికి చెప్పి ఉంటారు.”

“బుల్లి ఎలా పనిచేస్తుందో చూపిస్తా రా.” ఆమె జాబితా ఉన్న ఫోల్డర్ తెరిచింది. జాబితా పక్కన దాని పాత కాపీలు బారులు తీరి ఉన్నాయి. వాటి పేర్లు ఆమె పైకి చదివింది. “జాబితా పాతది. జాబితా పాతది రెండు. జాబితా మరీ పాతది. జాబితా నిజంగా పాతది. ఇది ఏమిటే, జాబితా చెరపొద్దు ప్లీజ్?”

“అత్తా, నవ్వకు,” అంది బుల్లి ఏడుపు మధ్యలో.

“నవ్వడం లేదే, నిన్ను కాపాడుతోంది ఈ చెత్తే. ఇప్పటి పిల్లలంతా ఇంతే. ఎక్కడ మారిస్తే అక్కడే పాతది పడేస్తారు. నిన్న కూడా అదే చేసింది. అటక అనేది ఉందని తెలిసిన మనిషి ఇల్లంతా ఇలా పరుచుకోదు. మనిషి పని ఎలా నేర్చుకుంటాడో దొంగతనమూ అలాగే చేస్తాడు. ఈ పెద్ద ఫైలు మార్చినవాడు మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాడు. హాజరుకి ముందు, చేత్తో రాసే రోజుల్లో నేర్చుకున్నవాడు.”

మేనేజర్ అడిగాడు. “అలాంటివాళ్ళు ఎంతమంది?”

“మాస్టారితో కలిపి ముగ్గురం. ఒకరు లేరు.” ఆమె కుర్చీ తిప్పి ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. “ఇద్దరం ఇక్కడే ఉన్నాం. రాసుకోమ్మా కానిస్టేబులూ.”

కానిస్టేబుల్ ఎవరి వైపు చూడాలో తెలియక తన బూట్ల వైపు చూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “బాగుందక్కా. ఆ రోజు నేను అంత్యక్రియల నుంచి నేరుగా డ్యూటీకెళ్ళాను. స్టేషన్‌లో రాసి ఉంది. నువ్వెక్కడున్నావు?”

“బుల్లి దగ్గర.”

“అంటే నిందితురాలికి నువ్వు సాక్షి, నీకు నిందితురాలు సాక్షి. నీ లెక్క ప్రకారం చూస్తే ఇప్పుడు నేను తీసుకెళ్ళాల్సింది బుల్లిని కాదు.”

“కాదుగా మరి!” అంది డిటెక్టివ్. “ఆ ముక్క అందరి ముందూ నీ నోటితో అన్నావు. చాలు. బుల్లి కాదు. నన్ను తీసుకెళ్ళు.”

“అత్తా!” బుల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు చెయ్యలేదు. బాబాయ్, అత్త చెయ్యలేదు, నీకు తెలీదా?”

“తెలుసు,” అంది డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్ బదులు. “వాడికి బాగా తెలుసు.”

అంతవరకు ఆమె తనలో తాను కూడా పూర్తిగా అనుకోని మాట అది. తను చెయ్యలేదని తనకు తెలుసు. మాస్టారు లేరు. ముగ్గురిలోంచి ఇద్దర్ని తీసేస్తే మిగిలేది ఎవరో లెక్కలు రానివాళ్ళు కూడా చెబుతారు. కాని టీలో సగం ఇచ్చినవాడి మీద ఆ లెక్క కట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకున్నాడు. “కానిస్టేబుల్, నువ్విక్కడే ఉండు. ఈ గదిలో ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. ఆమెను నేను తీసుకెళ్తాను.”

“డ్రైవర్‌ని పిలవనా సార్?”

“అక్కర్లేదు.”

డిటెక్టివ్ బుల్లి తల మీద చెయ్యి వేసింది. “ఆ ఫొటోలు నీ ఫోన్‌కి కూడా పంపించుకో. నేను ఫోన్ చేసేదాకా హాజరు నడపకు. ఈసారి నడిపినప్పుడు నీళ్ళకి లేవకు, కూర్చుని చూడు.”

*

ఎండ ఇంకా తగ్గలేదు. జీపు ముందు సీట్లో, ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంది డిటెక్టివ్. సంకెళ్ళు వెయ్యలేదు. జీపు రెండు వీధులు దాటింది.

“అక్కా, ఒక్కటడుగుతాను,” అన్నాడు చివరికి. “తేదీ తిప్పడం తెలిసినవాడు, లాగ్ చిట్టాలు చెరిగిపోతాయని తెలిసినవాడు, అంత తెలివైనవాడు కాపీ తీసి అటకలో ఎందుకు పెట్టాడంటావు?”

“నువ్వే చెప్పు.”

అతను ముందున్న రోడ్డునే చూస్తున్నాడు. “పెట్టాలని పెట్టలేదక్కా. పెద్ద ఫైలు తెరిచేసరికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. మాస్టారు వెనక నిలబడినట్టే అనిపించింది. పెట్టానన్న సంగతి ఇవాళ నువ్వు చూపించేదాకా నాకే గుర్తులేదు.”

ఆమె కళ్ళు మూసుకుంది. గెలిచినట్టు లేదు. చిన్నప్పటి ఇంటికి వెళ్తే ఇల్లు లేనట్టు ఉంది.

“ఆయన పాడె మోసి వచ్చి ఆ పని చేశావురా?”

“ఆ రోజైతే గది ఖాళీగా ఉంటుందన్నారు.”

“ఎవరన్నారు?”

అతను గేరు మార్చాడు.

“పిల్లని ఎందుకు ఇరికించావు?”

“బుల్లి నడుపుతుందనుకోలేదు. తండ్రి పోయాక ఆ ఉద్యోగం మానేస్తుందనుకున్నాను. తనే నడిపిందని నిన్న తెలిసినప్పటి నుంచి నేను అన్నం తినలేదు. నాతో ఈ పని చేయించినవాళ్ళకి సాయంత్రంలోగా నేరం మోసే మనిషి ఎవరో ఒకరు దొరకాలక్కా. ఆ ఒక్కరు బుల్లి కాకపోతే చాలని పొద్దున్నుంచీ మొక్కుకుంటున్నాను. నువ్వొచ్చావు.”

కూడలి వచ్చింది. పోలీస్ స్టేషన్‌కి కుడివైపు తిరగాలి. ఇన్‌స్పెక్టర్ జీపును ఎడమవైపు తిప్పాడు. ఆమె సంచిలో ఫోన్ కోసం చెయ్యి పెట్టింది. సంచిలో ఫోన్ లేదు. జీపెక్కించేటప్పుడు సంచి అందుకున్నది అతనే, ఫోన్ ఇప్పుడు అతని చొక్కా జేబులో ఉంది.

“సీటు బెల్టు పెట్టుకో అక్కా,” అన్నాడు బుడ్డోడు, ఎప్పటి మర్యాదతోనే. “ముందు రోడ్డు బాగాలేదు.”

*

ఇట్లు,
మా వీధిలో అందరూ పలక పెద్దమ్మ అని పిలిచే నేను. వయసు డెబ్భై ఒకటి. ఇప్పుడు మా ఆడపడుచుతో కలిసి రైలు కట్ట పక్క వీధిలో, మేడ మీది వెనక గదిలో ఉంటున్నాను.